బొట్టు కింద ఓడ పేరు

ఈ ప్రయాణం మా పిన్ని ఫోన్‌తో మొదలైంది. పిన్ని పేరు నూకరత్నం, మా అమ్మకి సొంత చెల్లెలు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, రైల్వే క్వార్టర్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. ఎనభై దాటాయి. నేను విశాఖపట్నంలో కూర్చుని పాత ఓడల మీద ఈ బ్లాగు రాస్తుంటానని ఆవిడకి తెలుసు కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ ఊసెత్తలేదు. ఆగస్టులో ఒకరోజు ఫోన్ చేసి, బాగున్నావా అనైనా అడక్కుండా, "ఏటే, ఊళ్ళోవాళ్ళ ఓడలన్నిటి గురించీ రాస్తావంట. మా అయ్య ఎక్కిన ఓడ గురించి ఎప్పుడైనా రాసినావేటి?" అంది. చురుక్కుమంది. రాయలేదు మరి.

పిన్ని వాళ్ళ అయ్య అంటే మా తాత. ఖరగ్‌పూర్‌లోనే నిమ్‌పురా లోకో షెడ్‌లో ఫైర్‌మన్, ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే మనిషి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నౌకాదళానికి బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్ళు కావాలంటే, ఇంజనుకైనా ఓడకైనా బొగ్గు బొగ్గే కదా అని వెళ్ళి చేరాడు. ఒకే ఒక్కసారి సెలవు మీద ఇంటికొచ్చాడు. వస్తూ కలకత్తా రేవు దగ్గర కొట్లో ఒక బొమ్మ పోస్టుకార్డు కొని తెచ్చి, ఇదే నా ఓడ అని అమ్మమ్మ చేతిలో పెట్టాడు. వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. తంతి రాలేదు, కబురు రాలేదు, పోయాడని ఒక ముక్క రాసి పంపిన నాథుడు లేడు. పోయాడని ఎవరూ చెప్పలేదు గనక అమ్మమ్మ బొట్టు తీయలేదు. చివరిదాకా నుదుట రూపాయంత బొట్టుతోనే తిరిగింది, దాంతోనే సాగనంపారు.

"అమ్మ బతికున్నన్నాళ్ళూ తద్దినం మాటెత్తనివ్వనేదు," అంది పిన్ని ఫోన్‌లో. "ఇప్పుడు నేనూ పోతే అయ్యకి నీళ్ళొదిలే దిక్కుండదు. మా రాజు పెడతానంటన్నాడు. కానీ తిథి తెలీకుండా ఏ రోజున పెడతాడు? ఆ ఓడ ఎప్పుడు మునిగిందో నువ్వు సెప్పు. ఒక్క తద్దినం కళ్ళతో సూసుకుంటాను." రాజు అంటే అప్పలరాజు, పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, నన్ను అక్కా అనే బదులు అప్పా అంటాడు. ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆ సాయంత్రమే వాడు కార్డుకి ఫొటో తీసి నాకు పంపాడు.

ఫొటో చూడగానే అది గన్‌బోట్ అని తెలిసిపోయింది. తెలియనివాళ్ళకి చెబుతున్నాను: గన్‌బోట్ అంటే చిన్నపాటి యుద్ధనౌక. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి నదుల్లోకి కూడా చొరబడుతుంది, ముందూ వెనకా ఫిరంగులుంటాయి. ఈ బొమ్మలో ఉన్నటువంటివి కవలలు, రెండు. ఒకే కార్ఖానాలో పుట్టాయి, ఒక్క మేకు కూడా తేడా లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రెండూ నదుల మీదే పనిచేశాయి. ఆ తర్వాతే వాటి దారులు వేరయ్యాయి. ఒకటి రెండో యుద్ధం దాకా నడిచి, బాంబు పడి సిబ్బందితో సహా మునిగింది. ఏ రోజు మునిగిందో పుస్తకాల్లో ఉంది. రెండోదాన్ని ఆ యుద్ధం రాకముందే పాత ఇనుముకి అమ్మేశారు. మా తాతది ఏది? ఇలాంటి కార్డుల్లో ఓడ ముక్కు కింద, నీళ్ళ మీద, తెల్లటి చిన్న అక్షరాల్లో పేరు వేస్తారు. మా కార్డులో సరిగ్గా ఆ చోటే ఎర్రటి ముద్ద ఒకటి గట్టిగా అంటుకుని ఉంది. అదేమిటని రాజుని అడిగితే, "బొట్టప్పా," అన్నాడు.

బొట్టేమిటి, ఓడకి బొట్టేమిటి అని ఫోన్‌లోనే గట్టిగా అరిచి, టికెట్ తీసుకున్నాను. విశాఖ నుంచి ఖరగ్‌పూర్‌కి హౌరా వెళ్ళే బళ్ళన్నీ పనికొస్తాయి. సాయంత్రం దాటాక ఎక్కితే పొద్దున్నకి దిగొచ్చు. అయితే సెప్టెంబరు మధ్యలో వచ్చే విశ్వకర్మ పూజ ముందు రోజుల్లో బెర్తు దొరకడం గగనం. అక్కడి వర్క్‌షాప్‌లో పనిచేసే మనవాళ్ళ చుట్టాలు సగం ఉత్తరాంధ్ర నుంచి బయలుదేరతారు. నాకు స్లీపర్‌లో పక్క పై బెర్తు దొరికింది, ఫ్యాను తిరగలేదు, కిందనున్నాయన గుర్రు మాత్రం బాలాసోర్ దాకా తిరుగులేకుండా సాగింది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడుగు గురించి అందరూ మురిసిపోతూ రాస్తారు. చివరి పెట్టెలోంచి దిగి చక్రం ఊడిన సూట్‌కేసు లాక్కుంటూ నడిస్తే ఆ మురిపెం వదులుతుంది.

స్టేషన్ బయట టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, బారులు తీరి ఉంటాయి. ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి డెబ్భై అడిగాడు, నలభైకి ఒప్పుకున్నాడు. "తెలుగు దీదీ?" అని నవ్వాడు. "హమ్ భీ థోడా థోడా. 'కూసోండి', 'సిల్లర లేదు'. బస్, ఇత్నా హీ." ఊళ్ళో ఎక్కడ చూసినా దుర్గా పూజ పందిళ్ళకి వెదుళ్ళు పాతుతున్నారు, పిల్లలు అప్పుడే గాలిపటాలు ఎగరేస్తున్నారు. గోల్‌బజార్ దగ్గర ఆపించి టిఫిన్ చేశాను. అక్కడ మనవాళ్ళ బళ్ళ మీద ఇడ్లీ ముప్ఫై రూపాయలకి కడుపు నింపుతుంది, చట్నీలో మాత్రం కాస్త తీపి తగులుతుంది, బెంగాల్ గాలి. ఇడ్లీ వడ్డిస్తున్నావిడ నా మాట విని, "ఎవులింటికమ్మా?" అంది. వర్క్‌షాప్ అప్పలరాజు వాళ్ళింటికన్నాను. "ఓలమ్మ, ఓడోళ్ళింటికా! అలా సెప్పరేటి. ఆల ఓడకి బొట్టెట్టందే పూజ నాడు మా అత్త పొయ్యి వెలిగించేది కాదు. ముందు ఓడోళ్ళింట్లో పూజైతేనే మా ఇంట్లో," అని ఇంకో ఇడ్లీ వేసింది. కాలనీలో మావాళ్ళ ఇంటిపేరు ఎవరికీ గుర్తు లేదని, ఓడోళ్ళంటేనే తెలుస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

పిన్ని గుమ్మంలోనే కూర్చుని ఉంది. "బేగి రా, సిక్కిపోనావేటే ఇలాగ," అని చెయ్యి పట్టుకుంది. కాఫీ అయినా తాగనివ్వకుండా లోపలికి తీసుకెళ్ళింది. ముందు గదిలో విశ్వకర్మ కేలండర్ పక్కన, ఒక చెక్కకి అంటించి, ఆ కార్డు. చుట్టూ అద్దం లేదు. అంచులు పొగచూరి గోధుమరంగు తిరిగాయి. ఓడ మాత్రం చక్కగా ఉంది, గొట్టంలోంచి పొగ, తెరచాపగుడ్డ నీడలో నిలబడ్డ తెల్లదుస్తుల మనుషులు ఇద్దరు. బాయిలర్ దగ్గరి మనిషి ఏ బొమ్మలోనూ కనిపించడు, అడుగునుంటాడు. ఓడ ముక్కు మీద మాత్రం బొటనవేలంత మందాన కుంకుమ పెచ్చు కట్టి ఉంది. "అద్దం ఎందుకు బిగించలేదు పిన్నీ?" అని విసుక్కున్నాను. "అద్దమెడితే బొట్టు అద్దానికి తగుల్తాది గానీ ఓడకి తగలదు కదే," అంది, ఇదేమి ప్రశ్న అన్నట్టు.

ఈ కాలనీలో వర్క్‌షాప్ ఇళ్ళవాళ్ళంతా విశ్వకర్మ పూజ నాడు ఇంటి మగవాడి పనిముట్లు కడిగి, పీట మీద పెట్టి బొట్లు పెడతారు. సుత్తి, పానా, ఆకురాయి, ఏది ఉంటే అది. తాత నౌకాదళానికి వెళ్ళేటప్పుడు బొగ్గు పార షెడ్‌కి తిరిగి ఇచ్చేశాడు. పూజ రోజొచ్చింది, ఇంట్లో ఆయన పనిముట్టంటూ ఏదీ లేదు. అప్పుడు అమ్మమ్మ ఈ కార్డు పీట మీద పెట్టి, నూనెలో తడిపిన కుంకుమ ఓడ నుదుటి మీద పెట్టింది. ఓడ బాగుంటే ఆయన బాగుంటాడు, ఆయన బాగుంటే తన బొట్టు ఉంటుంది. ఏటేటా కొత్త బొట్టు పాత బొట్టు మీదే. పాతది తుడవకూడదు, తుడిస్తే తన నుదుటిది తుడిచినట్టే. అమ్మమ్మ తర్వాత పిన్ని అదే చేస్తోంది. వింటూ నేను తల కొట్టుకున్నాను. ఆ ఓడ ఏదో చెప్పగలిగిన ఒకే ఒక్క చోటు వెతికి మరీ పూడ్చారు, అదీ ప్రేమతో. ఎవరి మీద కోప్పడాలి?

మధ్యాహ్నం భోజనాలయ్యాక మాట మొదలైంది. పొద్దున షిఫ్టు ముగించుకుని వచ్చిన రాజు ముందే అడ్డం పడ్డాడు. "అప్పా, రేపు పూజ. ఇయాల బొట్టు తుడిసేస్తామేటి? సుట్టుపక్కలోళ్ళు ఏటనుకుంటారు? ఛోడో, అమావాస్య దగ్గరికొచ్చింది. తిథి తెలీనోళ్ళకి ఆ రోజు పెట్టొచ్చని పంతులుగోరు అన్నారు గదా."

"ఊరూపేరూ తెలీనోళ్ళతో కలిపి పెడతావేటిరా మా అయ్యకి?" పిన్ని లేచి నిలబడింది. "ఆయనకో ఓడుంది. దానికో పేరుంది. ఆయన రోజు ఆయనకుంటాది." నా వైపు తిరిగి, "నువ్వు తుడిసెయ్యే. నా సెయ్యి రాదు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల్నుంచి గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది. తోమేసిన గిన్నెలే అవి.

నీళ్ళు తగిలితే కార్డు పాడవుతుంది కాబట్టి దూదిని కొబ్బరినూనెలో ముంచి పెచ్చు అంచులు మెత్తబరిచాను. వెదురు పుల్లతో కొంచెం కొంచెంగా లేపాను. పై పొరలు పిన్నివి, ముదురు ఎరుపు. కిందికి వెళ్ళేకొద్దీ అమ్మమ్మవి, నల్లబడిపోయినవి. ఒక్కో పెచ్చు ఊడుతుంటే రాజు వాటిని పళ్ళెంలోకి తీసి పెట్టాడు, కింద పడనివ్వలేదు. నేను దేవుణ్ణి పెద్దగా తలచుకునేదాన్ని కాను గానీ ఆ అరగంట మాత్రం మునిగిన ఓడ పేరే రావాలని మొక్కుకున్నాను. తాత మునిగిపోవాలని మొక్కుకున్నానన్నమాట, ఎంత బతుకు బతికితే ఏం లాభం! చివరి పొర లేచింది. తెల్ల అక్షరాలు కుంకుమ పీల్చుకుని గులాబీరంగులో బయటపడ్డాయి. రాజు కూడబలుక్కుని చదివాడు. అది ఒక పక్షి పేరు. ఇక్కడ రాయను. రాస్తే నాలాంటి ఓడల పిచ్చివాళ్ళు దాని బొమ్మలన్నీ తెచ్చి కామెంట్లలో కుమ్మరిస్తారు. ఆ ఓడ గురించి ఇంక ఒక్క మాట వినే ఓపిక నాకు లేదు.

"మునిగిందేనా అప్పా?" అని రాజు గుసగుసగా అడిగాడు. కాదని తలాడించాను. మునిగినదాని కవల ఇది. యుద్ధం మొదలుకాకముందే దీన్ని ముక్కలు చేసి కరిగించేశారు. తాత నౌకాదళంలో చేరేనాటికి ఈ ఓడ భూమ్మీద లేదు. వాడు వంటింటి వైపు చూసి, నా చెయ్యి పట్టుకుని, "అయితే ఆ రెండోదాని పేరు సెప్పీ. అది మునిగిన తారీకు సెప్పీ. ఎవులికి తెలుస్తాది? అమ్మ ఇంగ్లీషు సదవలేదు. తద్దినం పెట్టేత్తాను, మనశ్శాంతిగా ఉంటాది," అన్నాడు. వాడన్నదాంట్లో తప్పు లేదు. ఆ ఇంట్లోనే కాదు, ఆ ఊళ్ళోనే నేను చెప్పింది కాదనగలిగినవాళ్ళు లేరు. గిన్నెల చప్పుడు ఆగింది. పిన్ని గుమ్మంలో నిలబడి, "ఏటైనాది? మాట్లాడరేటి?" అంది.

చెప్పేశాను. ఈ ఓడ కాదని, తాత ఇది ఎక్కి ఉండడని, ఆయన చేరకముందే దీన్ని పాత ఇనుముకి అమ్మేశారని, అంతా చెప్పేశాను. దీన్ని మీరు నిజాయితీ అనుకోకండి. తాత ఎక్కింది దీని కవలేననడానికి ఆధారమేమీ లేదు, చూపుకి ఇలాంటి ఓడలు బోలెడు. ఓడల విషయంలో తప్పు తారీకు నా నోట రాదు, అంతే. అది ఒక మొండి అలవాటు. కామెంట్లలో ఒక సంవత్సరం తేడా పోతే ఎదుటివాళ్ళని చీల్చి చెండాడే మనిషిని, పిన్ని ముందు మాత్రం మెత్తబడలేకపోయాను.

పిన్ని ఏడవలేదు. కోపంతో మొహం ఎర్రబడింది. "అయితే మా అయ్య అబద్దం సెప్పినాడా?"

"లేదు పిన్నీ. యుద్ధం జరుగుతున్నప్పుడు, నీళ్ళ మీద ఉన్న ఓడల బొమ్మలు కొట్లలో అమ్మనివ్వరు. శత్రువుకి తెలుస్తుందని. అమ్మేవన్నీ పాతవే. తన ఓడలాంటిది కనబడితే కొన్నాడేమో. ఇలాంటి ఓడ అని చెప్పి ఉంటాడు, అమ్మమ్మ ఇదే అనుకుంది."

"అంటే కొట్లో బొమ్మ."

"ఆఁ."

"మా యమ్మ కొట్లో బొమ్మకి బొట్టెట్టుకుంటా బతికింది." మంచం మీద కూలబడింది. రాజు పక్కన కూర్చుని, పోనీలేమ్మా, అమావాస్యకే పెడతానులే అన్నాడు. దానికి వాడి మీద విరుచుకుపడింది. "సచ్చిపోనాడని నీకెవులు సెప్పినార్రా? ఆ ఓడతో పాటు పోనాడనే గదా ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ ఓడ ఎక్కనే లేదంటంది మీ అప్ప. మరి ఏ ఓడెక్కినాడు? అది మునిగిందా, తేలిందా? ఏదీ తెలీకుండా బతికున్నోడికో సచ్చినోడికో పిండం పెడతావేటి?" చీకటి పడినా ఆ గదిలో ఎవరూ దీపం వేయలేదు. ఊడిన పెచ్చులున్న పళ్ళేన్ని రాజు బీరువా మీద పెట్టాడు. దాన్ని ఏం చేయాలో ముగ్గురికీ తెలియలేదు.

మర్నాడు పొద్దున పూజ. వీధంతా పనిముట్ల కడుగుళ్ళు, సాంబ్రాణి పొగ, పైన గాలిపటాలు. పిన్ని తలంటు పోసుకుని, పీట మీద రాజు సుత్తులు, పానాలు, కుట్టుమిషను, వాడి సైకిలు గొలుసు కూడా వరసగా పేర్చింది. చివర్న, ఎప్పటి చోటే, కార్డు చెక్క పెట్టింది. ఇడ్లీల ఆవిడ, మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు, ఓడోళ్ళింట్లో అయ్యాకే వాళ్ళింట్లో కదా. పిన్ని ఉంగరపు వేలు కుంకుమలో ముంచి ఒక్కోదానికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. ఓడ దగ్గర ఆగింది. వేలు కార్డు మీదికి వెళ్ళి అక్కడే నిలిచిపోయింది. "ఏ ఓడకే?" అని నన్ను అడిగింది. గట్టిగా కాదు, కోపంగానూ కాదు. "ఇది కాదన్నావు గదా. మరి ఏ ఓడకెట్టాలో సెప్పు. అన్నీ తెల్సు గదా నీకు."

పిన్ని నా మొహంలోకి చూసి, వేలు చీర చెంగుకి తుడిచేసుకుంది. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని వెళ్ళిపోయారు. వర్క్‌షాప్‌లో ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి పూజ చూస్తారని, నన్ను తీసుకెళ్ళాలని రాజు ముందు రోజు అనుకున్నాడు. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. మధ్యాహ్నం బండికి స్టేషన్‌కి దింపుతూ వాడు అన్నదొక్కటే: "దాదా, జల్దీ," అని టోటోవాడితో.

తిరుగు ప్రయాణంలో ఫోన్ తీసి ఆ ఓడ సర్వీసు చరిత్ర మళ్ళీ చదివాను. ఎప్పుడు నీళ్ళలోకి దింపారు, ఎన్ని నదులు తిరిగింది, కెప్టెన్లు ఎవరు, ఏ రేవులో అడుగు గీకి రంగు వేశారు, ఏ యార్డులో విరగ్గొట్టారు, అన్నీ ఉన్నాయి. తుక్కైన ఇనుముకి ఇంత చరిత్ర రాసి పెట్టినవాళ్ళు, ఇంకో ఓడ అడుగున నిప్పు ముందు నిలబడ్డ మా తాత పేరు ఎక్కడా ఒక్క చోటైనా రాయలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ నేనూ అదే పని చేశాను, ఈ బ్లాగులో ఓడలున్నాయి గానీ బొగ్గు వేసినవాడు ఒక్కడూ లేడు. తాత ఎక్కిన ఓడ ఏదో వెతుకుతాను. దొరుకుతుందని మాత్రం పిన్నికి మాటివ్వలేదు, ఇవ్వమని ఆవిడా అడగలేదు. ఈ ఊరికి ఒక అబద్ధపు ఓడ ఉండేది. దానికి ఓ తల్లీ కూతురూ ఉన్నారు, ఓ రోజు ఉంది, వీధికి ఓ ఆనవాయితీ ఉంది. నేను వెళ్ళి నిజం చెప్పి వచ్చాను, ఇప్పుడు వాళ్ళకి ఏదీ లేదు.

మీరు ఖరగ్‌పూర్ వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. విశ్వకర్మ పూజ దాదాపు ఏటా సెప్టెంబరు పదిహేనుకీ ఇరవైకీ మధ్య వస్తుంది. ముందు రోజు వెళ్ళకండి, పూజ అయిన మర్నాడు వెళ్ళండి. బెర్తులు దొరుకుతాయి, టోటోవాడు బేరం ఆడడు. నేనూ ఆ రెండ్రోజులు ఆగి వెళ్ళుంటే, మా పిన్ని ఈ ఏడు కూడా ఓడకి బొట్టు పెట్టుకునేది.